మురుగు తొట్టెకు పుణ్యాహవాచనం

కొత్తది కట్టడం అహంకారం. పాతదాన్ని బాగుచేయడం ధర్మం! కొత్త గుడి కట్టినవాడికన్నా జీర్ణోద్ధరణ చేసినవాడికే పుణ్యం ఎక్కువని ఆగమాలు చదివిన పెద్దలంటారు. గుడికి దక్కే పుణ్యం మురుగునీటి శుద్ధి కేంద్రానికి ఎందుకు దక్కకూడదు?

పెడన దగ్గర కాలువకు ఎగువన ఉన్న రంగుల ఫ్యాక్టరీ యాజమాన్యం ఈ ధర్మసూక్ష్మాన్ని గ్రహించింది. పాతికేళ్ళనాటి శుద్ధి కేంద్రాన్ని కూల్చకుండా అప్‌గ్రేడ్ చేసింది. ఇంజినీరు శ్రీనాథ్ రాసిచ్చిన నివేదికలో రెండే పనులున్నాయట: తొట్టెల అడుగున పేరుకున్న బురద ఎత్తించాలి, నీటిలోకి గాలి ఊదే మోటార్లు చెడిపోయాయి, వాటిని మార్చాలి. అవి చేస్తే పాత తొట్టెలే ఇంకో పాతికేళ్ళు పనిచేస్తాయట. ఎంత అల్పమైన ఊహ! అడుగున ఉన్న బురద ఎవరికి కనిపిస్తుంది?

కనుక కనిపించే పనులు ముందు జరిగాయి. తొట్టెల గోడలకు ఆకాశనీలం రంగు వేశారు. గేటు దగ్గర డిజిటల్ బోర్డు వెలిసింది. నీటి స్వచ్ఛతను అది అహోరాత్రాలూ ఒకే అంకెలో చూపుతుంది. వాన వచ్చినా, వరద వచ్చినా చలించదు. స్థితప్రజ్ఞుడి లక్షణం ఇంతకన్నా ఏముంటుంది? బురద, మోటార్లు రెండో దశలో ఉన్నాయి. మోక్షం మాత్రం మొదటి దశలోనే వస్తుందా?

ఈ మహత్కార్యం వీరదుర్గకు రుచించలేదు. అద్దిన కలంకారీ గుడ్డలను కాలువలో జాడించడం ఆమె జీవనాధారం. పారే నీటిలో జాడిస్తేనే అదనపు రంగు కొట్టుకుపోయి, తెల్లగా ఉండవలసిన చోటు తెల్లగా తేలుతుంది. ఇప్పుడు ఆ తెలుపంతా వంకాయరంగు పట్టి వస్తోంది. ఇంకొక్క మూట ఇలా పాడైతే పని గూడూరు వాళ్ళకు అప్పగిస్తామని అద్దకందార్లు ఆమెకు తేల్చి చెప్పారు. ఎంత కృతఘ్నత! అడగకుండానే అదనంగా ఒక రంగు ప్రసాదించే కాలువ మరెక్కడ ఉంది?

ప్రారంభోత్సవం నాడు పుణ్యాహవాచనానికి నన్ను పిలిచారు. కలశంలోకి శుద్ధి అయిన నీరు పట్టి తెమ్మన్నాను. మేనేజరు గోపాలకృష్ణగారు బజారు నుంచి ఇరవై లీటర్ల మంచినీళ్ళ డబ్బా తెప్పించారు.

"మంత్రానికి ఏ నీళ్ళయితే ఏమిటండీ, పంతులుగారూ," అన్నారు.

నిజమే కదా! డబ్బా నీటిని అభిమంత్రించి, తొట్టెల మీద చల్లి, సర్వం శుద్ధమని ప్రకటించాను. శాలువా కప్పారు. అప్పుడు వీరదుర్గ, చేతిలో వంకాయరంగు గుడ్డతో, జనంలోంచి ముందుకు వచ్చింది.

"శుద్ధయిపోయిందాండీ, పంతులుగారూ?"

"అయిందమ్మా."

"అయితే కాలవలోకి వదిలే ఆ గొట్టంలోంచి వచ్చే నీళ్ళు ఒక్క పుడిసెడు తమరు తీర్థం పుచ్చుకోండి. తమరు పుచ్చుకుంటే, నేనిక నోరెత్తను."

ఆనాడు నాకు నిర్జలోపవాసమని చెప్పాను. తిథి దశమి. మేనేజరుగారికీ, ఇంజినీరుగారికీ కూడా అప్పటికప్పుడే ఉపవాసాలు గుర్తుకొచ్చాయి.

ఏ ఉపవాసమూ లేనిది వీరదుర్గకే. మర్నాడు ఉదయం మోకాలి లోతున ఆ నీటిలోకి దిగవలసింది ఆమె.