విద్యుదగ్నిమంజూషా విజయము అను ఓవెన్ బాగుచేత

ఓ టెస్టరా, ఓ కటింగు ప్లయరా, ముప్పది సంవత్సరములుగా ఒకే చొక్కాజేబున కాపురముండి ఆ జేబునకే చిల్లులు పొడిచిన ఆయుధోత్తములారా, ఈ గాథను మీరే పలుకుడు. చదువుకున్నవాళ్లు దీనిని వ్రాయరు. వ్రాసినను అందులో మీ పేర్లుండవు.

అది శనివారము. సహస్రకిరణుడు నడినెత్తికెక్కి వంటింటి కిటికీచువ్వల నీడలను గిన్నెల స్టాండుపై శరపంక్తులవలె పరచుచుండగా గోడగడియారము పన్నెండు కొట్టెను. అనగా నిజమునకు పన్నెండుకు పది నిమిషములు తక్కువ. ఏలయనగా, ఎవ్వరును ఎక్కడికిని ఆలస్యముగా పోరాదను సదుద్దేశముతో ఆ యింటివారు దానిని పది నిమిషములు ముందుకు త్రిప్పి ఉంచిరి. అయినను అందరూ ఆలస్యముగానే పోవుచుండిరి. ఇక రణక్షేత్రమెట్టిదన్నచో, మూడంతస్తుల మేడలో రెండవ అంతస్తున, ఇద్దరు నిలిచినచో మూడవవాడు పక్కకు తిరిగి నిలువవలసిన వంటగది.

ఆ యింటి పెద్ద మోటారు వైండింగు చేయువాడు, తామ్రతంతుపరివేష్టనప్రవీణుడు, కాలిన మోటారును దగ్గరకు లాగి, ఒక్కమారు వాసన చూచి, అది ఎచ్చట కాలెనో, ఏల కాలెనో, కాల్చిన మూర్ఖుడెవడో చెప్పగల ఘ్రాణధురంధరుడు, ఎనిమిదవ తరగతి నడుమనే పుస్తకసన్న్యాసము స్వీకరించి, నాటినుండి ఏ యంత్రము వెంట ఏ పుస్తకము వచ్చినను దానిని విప్పకయే అటక మీదికి విసరుచున్న దీక్షాపరుడు.

ఆయనకు ఒక్కతే కూతురు. రెండేండ్లు కాలేజీకి పోయి, మూడవయేట నావల్ల కాదని వచ్చివేసిన పిల్ల. వచ్చివేసిన సాయంత్రము తండ్రి ఆమెతో అన్నది ఒక్క మాట: "చివరికి నాలాగే తయారయ్యావు." ఆ వాగ్బాణము ఏడాదిగా ఆమె గుండెలో గ్రుచ్చుకొనియే యుండెను. నాటినుండి అన్నము దగ్గర ఉప్పు అందివ్వమనుట తప్ప ఆయనను ఆమె ఏమియు అడిగినది లేదు. ఆయనయు ఉప్పు అందించుట తప్ప వేరొక సంధియత్నము చేసినవాడు కాడు.

ఇప్పుడామె వీధి చివరి బేకరీలో పని అడిగెను. ఆ బేకరీ యజమానురాలు మాటలు పొదుపుగా వాడు మనిషి. "నోటితో చెప్పకు. నీ చేత్తో ఒక బ్రెడ్డు చేసి శనివారం ఐదింటికి పట్టుకురా" అని మాత్రమనెను. కావున ఆ పిల్ల ప్రొద్దుటే లేచి, పిండి పిసికి, స్టీలు బేసినులో పెట్టి, తడిగుడ్డ కప్పెను. ఆ పిండి, గుడ్డ క్రింద నిద్రించుచున్న మహాకాయునివలె మెల్లగా ఊపిరి పీల్చుచు, పొంగనారంభించెను. పొంగిన పిండి ఎవరి కోసమూ ఆగదు. వేళకు నిప్పు తగలకపోతే పులిసి కూలిపోవును.

అట్టి సమయమున ఆమె ఓవెన్ మీట త్రిప్పగా లోపల దీపము వెలిగెను. పావుగంట తరువాత చేయి పెట్టి చూడగా, అది శీతకాలపు గచ్చువలె చల్లగా ఉండెను. ఆమె గుమ్మము వద్ద నిలిచి, ఏడాది మౌనవ్రతమును మూడు మాటలతో భంగపరచెను.

"నాన్నా, ఓవెన్ వేడెక్కట్లేదు."

ఆ పిలుపు విని వీరుడు కుర్చీనుండి లేచిన ఊపునకు పేపరు మూడు ముక్కలై నేల రాలెను. సముద్రమును ఇంకించెదను, మేఘములను పిండెదను, ఆ లోహరాక్షసుని ప్రేవులు లాగి తోరణము కట్టెదను అని ఆయన ఆంతర్యము గర్జించెను. పైకి మాత్రము "చూస్తాలే" అనెను.

ఆనాడు ఆయన బావమరిదియు ఆ యింట ఉండెను. అతడు కాలేజీలో ఫిజిక్సు చెప్పు లెక్చరరు. అక్క హాస్పిటల్ డ్యూటీకి పోయినదని తెలియక భోజనమునకు వచ్చినవాడు. మేనకోడలి చదువు ప్రసక్తి వచ్చినపుడెల్ల పొడుగుగా ఊపిరి వదలుట అతనికి అలవాటు. సాహాయ్యమునకు అతడు అటక ఎక్కి, దుమ్ము దులిపి, ఓవెన్ వెంట వచ్చిన పుస్తకమును విప్పి, తిన్నగా ముప్పదియొకటవ పేజీకి పోయెను.

"బావా, ఇది మోటారు కాదు. వాసన చూస్తే దొరకదు. పద్ధతి ప్రకారం పోవాలి."

"నువ్వు చదువు. నేను విప్పుతా."

ఇట్లు శాస్త్రము ఒక పక్క, శస్త్రము ఒక పక్క మోహరించగా, ఆ యిరుకు వంటగదిలో మూడవ మనిషియైన పిల్ల పిండి బేసినును గుండెలకు హత్తుకొని పక్కకు తిరిగి నిలిచెను.

ప్రథమ దివ్యాస్త్రము లెక్చరరు ప్రయోగించెను. తలుపు చుట్టునున్న రబ్బరు సడలినచో వేడి నిలువదు గనుక, జేబులోని కాగితపు ముక్కను తలుపు సందున పెట్టి మూసి లాగెను. రాలేదు. ఇంకొకమారు లాగగా చినిగెను. రబ్బరు నిర్దోషి. చినిగినది కళ్లజోడు దుకాణము వాడిచ్చిన రసీదని తరువాత తెలిసినది, అది వేరే సంగతి.

పిమ్మట వీరుడు గోడ దగ్గర స్విచ్చు ఆపి, ప్లగ్గు పీకి, కొంచెము సేపు ఆగి, ఓవెన్‌ను అరనుండి బయటకు ఈడ్చి, దాని వెన్నుకవచమునకున్న పదునొకండు స్క్రూలను విప్పెను. అందొకటి ఫ్రిజ్ క్రిందికి దొర్లి, నేటికిని తిరిగి రాలేదు. అంతట ఆయన హీటింగు కాయిలు రెండు కొనలకు మీటరు తగిలించి చూడగా ముల్లు చక్కగా లేచెను. కాయిలు బాగున్నది. థర్మోస్టాట్ మీట త్రిప్పగా టిక్కుమనెను. అదియు బాగున్నది. వైర్లు ఒక్కొక్కటిగా లాగి చూచెను. అన్నియు గట్టివే. చివరకు వంగి, ఆ యంత్రగర్భములోనికి ముక్కు పెట్టి, వాసన చూచెను. ఏ వాసనయు లేదు.

ముప్పదియేండ్ల రణజీవితమున ఆయన ఎందరో శత్రువులను చూచెను గాని, ఇంత ఆరోగ్యముగా ఉన్నవాడిని చూడలేదు. కాలిన చోటు చూపితే చుట్టవచ్చును. తెగిన చోటు చూపితే అతుకవచ్చును. ఏ రోగమూ లేక పనిచేయనివాడిని ఏమి చేయగలము? అట్టివారు ఆఫీసుల నిండా ఉన్నారు, వారినే ఎవరూ ఏమీ చేయలేకున్నారు.

గోడగడియారము రెండు కొట్టెను. పిల్ల అప్పటికే పిండిని ఒకమారు అణచి, డబ్బా ఆకారపు అచ్చులో పెట్టెను. అది మరల పొంగి అచ్చు అంచును తాకెను. "ఇంకో అరగంట దాటితే ఇది పనికిరాదు" అని ఆమె ఎవరితోనూ కాక, పిండితోనే అన్నట్లు అనెను.

లెక్చరరు పుస్తకము మూసి సంధిప్రస్తావము తెచ్చెను. కంపెనీవాళ్లకు ఫోను చేసితిననియు, సోమవారము వత్తురనియు, అందాక దుకాణములో ఒక బ్రెడ్డు కొని కాగితము మార్చి పట్టుకుపోయినచో ఎవరికి తెలియుననియు హితము పలికెను.

"ఈ వీధిలో బ్రెడ్డు అమ్మేది ఆవిడొక్కతే, మావయ్యా."

వీరుడు పది స్క్రూలు బిగించి, ఓవెన్‌ను అరలోనికి నెట్టుచుండగా, ఆ మాట విన్న పరధ్యాసయో ఏమో, రేకు అంచు ఆయన బొటనవ్రేలిని కోసెను. ప్లగ్గు పెట్టి స్విచ్చు వేసెను. దీపము వెలిగెను. వేడి లేదు. రక్తబిందువులు గచ్చుపై టపటప రాలెను.

ఇచ్చట ఆ యింటి వృద్ధమాతను, అనగా వీరుని అత్తగారిని, కథలోనికి ఆహ్వానింపవలయును. ఆమెకు లోకములో ఒక్కటే పగ: మిణుకుమిణుకుమను దీపములు. టీవీ క్రింది ఎర్రచుక్క, ఇన్వర్టరు పచ్చచుక్క, ఇంటర్నెట్టు డబ్బాపై నాలుగు చుక్కలు, ఎదుట ఏది మిణుకుమన్నను "కన్ను కొడుతున్నాడు వెధవ" అని, దెబ్బలకు వేయు ప్లాస్టరు తెచ్చి దానిపై అంటించును. ఆ యింట అట్టి ప్లాస్టర్లు పదునాలుగు. చూచి చూచి ఎవరి కంటికిని అవి ఆనవు.

ప్లాస్టరు ఎక్కడని అల్లుడు కేకవేయగా ఆమె హాలులో కూర్చున్న చోటినుండే పలికెను.

"డబ్బా అయిపోయింది నాయనా. అన్నీ దీపాలకే సరిపోయాయి. ఆ ఓవెన్ నుదుటి మీద వేసింది కొత్తదే, నాలుగు రోజులయింది అంతే. అది పీకి వేసుకో."

వీరుడు ఎడమచేత దానిని పీకెను. క్రింద నాలుగు సున్నాలు ఆరుచు, వెలుగుచు, ఆరుచు, ఆయనకు కన్ను కొట్టుచుండెను.

ఆయన వంగి ఆ సున్నాలను దగ్గరగా చూచెను. పిదప మంగళవారము కరెంటు పోయి వచ్చినదా అని అడిగెను. వచ్చినది, అప్పటినుంచే వాడికి ఈ కన్ను కొట్టే జబ్బు అని అత్తగారు సెలవిచ్చెను.

"ఒరే, ఆ పుస్తకం మొదటి పేజీలో ఏముంది?"

"అవి మామూలు సంగతులు బావా. మొదటి పేజీ చదువు రానివాళ్ల కోసం."

"అయితే నాకోసమే. ఇటివ్వు."

ముప్పదియేండ్ల వ్రతము అట్లు భగ్నమయ్యెను. మొదటి పేజీలో అక్షరములకన్న ముందు ఒక బొమ్మ ఉండెను: ఒక గడియారము, రెండు మీటలు, వాటిని నొక్కుచున్న రెండు వ్రేళ్లు. దాని క్రింద ఒక్క వాక్యము: కరెంటు పోయి వచ్చిన పిమ్మట టైము పెట్టనిదే ఓవెన్ వేడెక్కదు. వీరుడు దానిని రెండుమార్లు చదివెను. రెండవమారు పైకి చదివెను, బావమరిది వినుటకు.

అక్షరములు చిన్నవిగా ఉన్నవని బావమరిది సమాధానము చెప్పి, సెల్లుఫోను తీసి, సరియైన టైము సెకండ్లతో సహా చెప్పబోయెను. వీరుడు గోడవంక చూపి వారించెను.

"ఓవెన్‌కి టైమంటూ ఉంటే చాలు. నిజం టైమే కావాలని ఇందులో రాయలేదు."

తన బొటనవ్రేలు రక్తసిక్తమైనందున ఆయన పక్కకు తిరిగి కూతురికి చోటిచ్చెను. ఆమె రెండు మీటలు నొక్కిపట్టి మూడు లెక్కించి, గోడగడియారము చూచి రెండూ ఇరవై అని పెట్టెను. సున్నాలు కన్ను కొట్టుట మానెను. లోపలెక్కడో టిక్కుమనెను. కాయిలు ముందు బూడిదరంగున, ఆపై ఇటుకరంగున, ఆపై, అహో, నిండు నిప్పురంగున జ్వలించెను. త్రిలోకములలో ఎక్కడా పూలు రాలలేదు. పై అంతస్తునుండి ఎవరో చాప దులుపగా కొంచెము దుమ్ము రాలెను.

మూడున్నరకు బ్రెడ్డు బయటకు వచ్చెను. ఒక పక్కకు ఒరిగియుండెను గాని పై పొర తట్టగా డొల్లుమని మోగెను. పిల్ల దానిని గుడ్డలో చుట్టుకొని, ఆ యింటి చరిత్రలో మొదటిసారిగా వేళకన్న ముందే బయలుదేరెను.

ఆరు గంటలకు తిరిగివచ్చి, చెప్పులు విడువకయే గుమ్మములో నిలిచెను. సోమవారమునుండి పనిలోకి రమ్మనిరట. అది గాక, ఆ దుకాణములోని చిన్న ఓవెన్ మంగళవారమునుండి మూలపడియుండెనట, మెకానిక్కు కోసము చూచుచుండిరట.

"నాలుగు సున్నాలు కొట్టుకుంటున్నాయి నాన్నా. రెండు మీటలు నొక్కాను. ఎవరు నేర్పారని అడిగింది ఆవిడ. మా నాన్న అని చెప్పా."

వీరుడు ప్లాస్టరు వేసిన బొటనవ్రేలిని కొంతసేపు పరీక్షించుకొనెను.

"నాలాగే తయారయ్యావు" అనెను.

ఈసారి ఆ బాణము ఎక్కడా గ్రుచ్చుకొనలేదు.

ఇది విన్నవారికి పుణ్యమేమియు రాదు, పాపములును పోవు. ఓవెన్ వేడెక్కనినాడు దాని వెన్ను విప్పుటకు ముందు ముఖము చూతురు, అంతే. ఆ మహాసంగ్రామమున జయించిన భూభాగము అంగుళము వెడల్పు గల గడియారపు కిటికీ. పోయినది స్క్రూ ఒకటి. ఆ గడియారము నేటికిని పది నిమిషములు ముందే నడచుచున్నది, కన్ను మాత్రము కొట్టుట లేదు.