ప్లాస్టిక్ పైపు చేసే మేలు

ఆడవాళ్ల ఆరోగ్యానికి ప్లాస్టిక్ పైపును మించిన సాధనం లేదు! నమ్మరా? గోదావరిఖనిలో సారవ్వ సంగతి వినండి.

సారవ్వ క్వార్టరు వరుసలో చిట్టచివరిది. నల్లా ఉన్నది వరుస మొదట్లో. రోజూ పది బిందెలు మోసి ఆమె మోకాలు వాచింది. చూడలేక భర్త ఎల్లేశం నల్లటి ప్లాస్టిక్ పైపు చుట్ట తెచ్చాడు. తమ వంతు రాగానే నల్లాకు తగిలిస్తే నీళ్లు వాకిట్లోకే వస్తాయి. ఇనుములా మొండిది కాదు, చెప్పినట్టు వంగుతుందట!

చెప్పి చూశాడు. వినలేదు. గోడ మూల దగ్గర బలవంతంగా వంచితే మడతపడి మూసుకుపోయింది.

"లోపల ఇసుక నింపి, పైన వేడినీళ్లు పొయ్యాలె ఎల్లేశమన్నా," అన్నాడు పక్కింటి మెకానిక్ చాంద్ పాషా.

"ఇసుక సంగతి నాకు జెప్తవా?"

నిజమే. బొగ్గు తీసిన ఖాళీల్లోకి ఇసుకను నీళ్లతో కలిపి పంపడమే గనిలో ఎల్లేశం డ్యూటీ. పైపులోనూ అలాగే నింపాడు. పొడి ఇసుకైతే దులిపితే రాలేది. తడి ఇసుక గని కప్పును మోసేంత గట్టిగా బిగుసుకుంది. విద్య ఊరికే పోతుందా!

బిగిసిన ఇసుకను కడిగి తీయడానికి నీళ్లు ఎవరు తేవాలి? సారవ్వ. నీళ్లు కాచి పైపును వంచడానికి? బొగ్గుకు కొదవ లేదు. నీళ్లు మాత్రం సారవ్వ. ఒకసారి వంపు కుదిరింది కానీ, ఎదుటి వరుస మల్లక్క వాకిలి వైపు తిరిగింది. మళ్లీ నీళ్లు! ఫస్టు షిఫ్టు దిగినవాళ్లు ఐదుగురు చుట్టూ చేరి సలహాలిచ్చారు, చాయ తాగారు. చాయకు నీళ్లెక్కడివని అడక్కండి.

పది బిందెలు ఇరవై రెండయ్యాయి. మూడు రోజులు! ఇంత కసరత్తు ఏ దవాఖానలో చేయిస్తారు?

"ఇంకో బిందె తేవే, జర మెత్తవడ్డది!" అన్నాడు ఎల్లేశం నాలుగో రోజు.

సారవ్వ ఖాళీ బిందె ఆయన ముందు పెట్టి గడప మీద కూర్చుంది.

"నాతోని గాదు. నువ్వే తే."

"నేనా? నలుగురు జూస్తే నవ్వరా?"

"నలుగురు గాదు, ఐదుగురున్నరు. తలా ఒక బిందె ఇస్త, వట్టుకపోండ్రి."

వెళ్లారు. ఎల్లేశం దారిలో రెండుసార్లు బిందె దించాడు. "గింత దూరముంటదా!" అన్నాడు, పన్నెండేళ్లుగా ఆ వరుసలోనే ఉంటున్న మనిషి.

పాఠకులు ఇక్కడే ప్లాస్టిక్ మహిమ గమనించాలి. పొడి ఇసుక పోశారు, ఒక్కసారే వంచారు. మూడు రోజులు మొండికేసిన పైపు అరగంటలో గోడ వెంట బుద్ధిగా పోయి వాకిట్లో నీళ్లు పోసింది! సారవ్వ గడప దిగకుండానే కాళ్లు కడుక్కుంది.

నల్లా అదే, పొయ్యి అదే, నీళ్లూ అవే. ఈసారి వేడి ఎక్కడ తగిలిందో ఇంజనీర్లు తేల్చాలి.