హామిల్టన్‌లో తలనీలాలు

శనివారం పొద్దున్నే గుండు చేయించుకోవాలి, స్నానం చేయాలి, ఆదివారం పూజకు వెళ్ళి మాతకు దండం పెట్టుకోవాలి, సోమవారం నుంచి మామూలుగా పనికి పోవాలి. లూర్దమ్మ వేసుకున్న ప్లాను ఇంతే. ఇందులో తేడా రావడానికి ఏముందని ఆమె భర్త బాలశౌరి కూడా అనుకున్నాడు.

పీఆర్, అంటే ఈ దేశంలో శాశ్వతంగా ఉండిపోయే అనుమతి, వస్తే తలనీలాలు ఇస్తానని ఆమె గుణదల మాతకు మొక్కుకుంది. పీఆర్ వచ్చింది. గుంటూరు వైపు క్యాథలిక్కులకు ఇదేం వింత కాదు, తిరునాళ్ళప్పుడు గుణదల కొండ కింద ఎక్కడ చూసినా గుండ్లే. హామిల్టన్‌లోనే కొత్త.

"ఇండియా వెళ్ళినప్పుడు ఇద్దువులే. మాత ఎక్కడికి పోతుంది," అన్నాడు బాలశౌరి ట్రిమ్మర్ పట్టుకుని.

"మాత పోదండీ. ఈలోపు మనమే పోతే? మొక్కు ఆలస్యం చేశామని ఆ పీఆర్ కాస్తా వెనక్కి తీసుకుంటే?"

"అమ్మా, ఇట్ డజన్ట్ వర్క్ లైక్ దట్," అంది కూతురు హర్షిణి, ఫోన్లోంచి తలెత్తకుండా.

"నీకేం తెలుసే. ముందు ఆ దుప్పటి పట్టుకో, జుట్టంతా కార్పెట్ మీద పడుతోంది."

మంచి జరిగినప్పుడల్లా లూర్దమ్మకు భయం. దాని వెనకాలే ఇంకేదో బయలుదేరి వస్తుంటుందని అనుమానం. ఈసారి వచ్చేదేమిటో కూడా ఆమెకు తెలుసు. ఈ మధ్య నీరసంగా ఉందంటే క్లినిక్‌లో రక్తపరీక్ష చేశారు. రిజల్టు ఇంకా చెప్పలేదు. బాగుంటే ఈపాటికి చెప్పేవాళ్ళు కదా.

ఆదివారం తలకు స్కార్ఫ్ కట్టుకుని గుడికి వెళ్ళింది. ఈ దేశంలో ఆడమనిషి స్కార్ఫ్ కింద జుట్టు లేకపోతే చూసేవాళ్ళకు తట్టేది ఒక్కటే, క్యాన్సర్. మొక్కు అన్నది ఎవరి ఊహకూ అందదు. వాళ్ళు అలా అనుకుంటారన్నది లూర్దమ్మ ఊహకూ అందలేదు.

పూజలో ఒకరికొకరు శాంతి చెప్పుకునే వేళ పక్కనున్న తెల్లజుట్టు మార్గరెట్ ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది. దివ్యసత్ప్రసాదం కోసం లేస్తే లైనంతా పక్కకు జరిగి దారి ఇచ్చింది. పూజ అయ్యాక ఫాదర్ డొమినిక్ ఆమె భుజం మీద చెయ్యి వేసి, "మేమంతా నీ కోసం ప్రార్థిస్తున్నాం. ధైర్యంగా ఉండు," అన్నారు.

కారెక్కగానే లూర్దమ్మ లెక్కలు వేసుకుంది. మార్గరెట్ ఊరికే ఏడ్చే మనిషి కాదు. పైగా ఆమె పనిచేసేది ఆ క్లినిక్ కౌంటర్‌లోనే.

"రిజల్టు చూసేసింది," అని లోపల్లోపలే నిర్ధారించుకుంది. "ఊరందరికీ తెలిసింది. నాకే చెప్పడం లేదు."

సోమవారం ఆమె వంట పనిచేసే వృద్ధాశ్రమంలో సూపర్‌వైజరు గరిటె చేతిలోంచి లాక్కుని కుర్చీ వేసింది. సాయంత్రానికి ఇంటి గుమ్మంలో సూపు గిన్నె, రేకు ట్రేలో చీజు వేసిన పాస్తా. మర్నాడు ఇంకో రెండు ట్రేలు. వాటి మీద దేవదూతల బొమ్మలున్న కార్డులు.

"ఎవరు పంపిస్తున్నారు ఇవన్నీ?" అన్నాడు బాలశౌరి, తింటూనే.

"ఏమండీ, నిజం చెప్పండి. నా దగ్గర ఏమైనా దాస్తున్నారా?"

"నేనేం దాస్తాను?"

దాచేవాళ్ళెవరైనా సరిగ్గా ఆ మాటే అంటారు. లూర్దమ్మ బాత్‌రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చింది. జుట్టు పోయినందుకు ఏడుస్తోందనుకుని బాలశౌరి నొచ్చుకుని, ఆ రాత్రి గిన్నెలన్నీ తనే కడిగాడు. పెళ్ళయినప్పటి నుంచి చెప్పకుండా ఒక్క గ్లాసు కడగని మనిషి. ఇక ఆమెకు ఏ సందేహమూ మిగల్లేదు.

తన ప్రాణం గురించి ఆమెకు అంత బెంగ లేదు. పిల్ల ఇంకా పదో తరగతి. దానికి అన్నం వార్చడం రాదు, తండ్రికి బీపీ మాత్ర గుర్తుచేయడం రాదు, ఒంటరిగా పడుకోవాలంటే ఇప్పటికీ హాల్లో లైటు వేసి ఉంచమంటుంది. దాన్ని ఎవరి మీద వదిలి వెళ్ళాలి?

"హర్షీ, ఇలా రా. పప్పుచారులో చింతపండు ఎంత వేయాలో చూడు."

"మామ్, ఐ హావ్ అ కెమిస్ట్రీ టెస్ట్."

"ఆ పరీక్ష మళ్ళీ వస్తుంది. ఈ పప్పుచారు మళ్ళీ రాదు."

"యూ మేక్ ఇట్ ఎవ్రీ వీక్."

లూర్దమ్మ గరిటె అక్కడే పడేసి పిల్లను కావలించుకుంది. హర్షిణి కాసేపు ఓపిక పట్టి, ఆ తరువాత తల్లి భుజం మీదుగా ఫోన్ చూసుకుంది.

శుక్రవారం లూర్దమ్మ ఫాదర్ డొమినిక్‌కు ఫోన్ చేసి అవస్థ అభ్యంగనం ఇమ్మని అడిగింది. ప్రాణం మీదికి వచ్చినవాళ్ళకు నూనె పూసి చేసే ప్రార్థన అది. ఆమెకు క్యాన్సరనే నమ్ముతున్న ఆయన వెంటనే వస్తానన్నారు. ఆమె హాల్లో టీపాయ్ మీద తెల్లగుడ్డ పరిచి, సిలువ పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి సోఫాలో పడుకుంది.

పైన గదిలో ఆఫీసు మీటింగ్ ముగించుకుని దిగిన బాలశౌరి, పీఆర్ వచ్చినందుకు ఫాదర్ ఇల్లు ఆశీర్వదించడానికి వచ్చారనుకున్నాడు. "రండి ఫాదర్, టీ తాగుతారా? చేగోడీలు ఉన్నాయి," అన్నాడు సంబరంగా.

ఇంత కష్టంలో అంత నిబ్బరంగా ఉన్న భర్తను ఫాదర్ మెచ్చుకోలుగా చూసి, నూనె సీసా మూత తీస్తూ, "కీమో ఎంతవరకు వచ్చింది?" అని అడిగారు.

"ఎవరికి?"

"నీ భార్యకు."

"దానికి కీమో ఎందుకండీ?"

లూర్దమ్మ సోఫాలో లేచి కూర్చుంది. "ఇంకా దాస్తారేంటండీ? ఫాదర్ గారి ముందు కూడానా? ఆ రక్తపరీక్షలో ఏముందో ఇప్పుడైనా చెప్పండి."

"ఓ, అదా. మంగళవారమే నాకు మెయిల్ వచ్చింది. ఐరన్ తక్కువట, ఆకుకూరలు తినమన్నారు. నీకు చెప్పడం మర్చిపోయాను."

లూర్దమ్మ సోఫా దిగి నిలబడింది.

"మర్చిపోయారా. నేను ఐదు రోజులుగా చస్తుంటే, మీరు పాస్తా తింటూ మర్చిపోయారా."

"నువ్వు అడగలేదుగా."

"ఫాదర్ గారూ, ఆ నూనె ఈయనకు పూయండి. ఈయనకే అవసరం పడేలా ఉంది."

గుండు సంగతి, మొక్కు సంగతి విన్నాక ఫాదర్ నవ్వు ఆపుకోవడానికి చాలాసేపు నేల చూశారు. చివరికి, "నువ్వు అబద్ధం చెప్పలేదమ్మా. కానీ నిజం తెలిశాక ఊరుకుంటే అది అబద్ధమే అవుతుంది. ఆదివారం నువ్వే అందరికీ చెప్పాలి," అన్నారు.

ఆయన వెళ్ళగానే బాలశౌరి తలుపు వేసి గొంతు తగ్గించాడు. "ఊరుకో లూర్దూ. జుట్టు పెరిగితే జబ్బు తగ్గిందనుకుంటారు. ఇంతమందిలో మన పరువెందుకు?"

ఆ మాట ఆమెకు ఒక్క క్షణం బాగానే వినిపించింది. ఆ తరువాత ఫ్రిజ్‌లోని ట్రేలు గుర్తొచ్చాయి. "అబద్ధ సాక్ష్యం పలకవద్దని పీఆర్ లేనివాళ్ళకే చెప్పాడా దేవుడు? మన కోసం ఏడ్చారండీ వాళ్ళు. అది తిని ఎలా ఊరుకుంటాను?"

శనివారమంతా హర్షిణి నేర్పిన ఇంగ్లీషు ముక్కలు బట్టీపట్టి, ఆదివారం పూజ ముగియగానే ఆమె మైకు దగ్గరకు నడిచింది. నోరు తెరవబోతుంటే ముందు వరసలో మార్గరెట్ లేచి, ఆగమన్నట్టు చెయ్యి ఊపి, ఉన్ని టోపీ తీసింది. ఆమె తెల్లని ఉంగరాల జుట్టు లేదు. నున్నటి గుండు. వెనక పాటలు పాడే కోయిర్‌లో ఒక్కొక్కరే టోపీలు తీశారు. ఆడా మగా అందరివీ గుండ్లే. జబ్బు మనిషికి తోడుగా తామూ గుండు చేయించుకోవడం ఇక్కడివాళ్ళ పద్ధతి. గుడంతా చప్పట్లు.

లూర్దమ్మ బాలశౌరి వైపు చూసింది. ఆయన నేల వైపు చూశాడు. హర్షిణి రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

పారిపోవాలనిపించింది. కానీ మైకు పట్టుకుంది. జబ్బు లేదని, అది గుణదల మాతకు మొక్కని, ఉన్నది ఐరన్ లోపమేనని, మీ భోజనాలకు, మీ కన్నీళ్ళకు రుణపడి ఉన్నానని, క్షమించమని వచ్చిన ముక్కల్లో చెప్పి ఏడ్చేసింది.

మార్గరెట్ తన తల మీద చెయ్యి ఒకసారి ముందుకూ ఒకసారి వెనక్కూ రాసుకుంది.

"అంటే నీకు క్యాన్సర్ లేదు," అంది.

"లేదు."

"దేవునికి స్తోత్రం," అంటూ వచ్చి కావలించుకుంది. రెండు గుండ్లూ ఠప్పున తగిలాయి. తరువాత చెవి దగ్గరకు వంగి అడిగింది, "మరి నేను కూడా మీ మాతకు జుట్టు ఇచ్చేసినట్టే కదా. ఇప్పుడు నేనేం కోరుకోవచ్చు?"

మొక్కు ముందు చెల్లించి కోరిక తరువాత చెప్పుకోవచ్చునా అన్నది ఫాదర్ డొమినిక్ ఇంకా బిషప్ గారిని అడిగి కనుక్కుంటున్నారు.