సీలు వేసిన పళ్ళపెట్టె

ఆ ఉదయం పళ్ళ మేస్త్రి పెట్టుకున్న పని చాలా చిన్నది. తయారైన ఏడు పళ్ళ సెట్లనూ చెక్కపెట్టెలో సర్దుకుని, నాలుగు వీధుల అవతలున్న పళ్ళ డాక్టరుకు అప్పజెప్పి, పది గంటలకల్లా ఇంటికొచ్చి ఎనిమిదో సెట్టుకు మైనం కరిగించడం. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో ఊడిన పన్నుకల్లా మారు పన్ను చేసిపెడుతున్న మనిషి ఆయన. కుడిచేతి మూడు వేళ్ళతో పన్నును ఎంత తిప్పాలో అంతే తిప్పుతాడు, వెంట్రుకవాసి తేడా రాదు. ఆ ఇల్లు నడిచేది ఆ మూడు వేళ్ళ మీదే.

ఆరు సెట్లను దూదిలో పడుకోబెట్టాక, ఏడోదాన్ని చేతిలో పట్టుకుని కాసేపు అలాగే కూర్చుండిపోయాడు. అది డ్రిల్ టీచరమ్మది. చిన్నప్పుడు బడి మైదానంలో ఈయన్ని ఎండలో నిలబెట్టి, కుడి ఏదో ఎడమ ఏదో బుర్రకెక్కించిన మనిషి. మూడు వారాల్లో ఇస్తానన్న సెట్టును మేస్త్రి ఆరు వారాలు నానబెట్టాడు. పోయిన సోమవారం మధ్యాహ్నం సెట్టు పూర్తయింది. పోయిన సోమవారం ఉదయమే టీచరమ్మ పోయింది. అప్పట్నుంచీ ఆయనకు అన్నం సయించడం లేదు.

"పోయినావిడ పళ్ళు ఇంట్లో ఎందుకండీ? డాక్టరుగారికిచ్చెయ్యండి, వాళ్ళవాళ్ళకి ఆయనే పంపిస్తాడు" అంది భార్య గుమ్మంలోంచి. మేస్త్రి తల ఊపాడు. పళ్ళ సెట్టన్నాక ఎప్పుడూ నవ్వుతున్నట్టే ఉంటుంది. ఇది మాత్రం తన మీదే నవ్వుతున్నట్టు తోచి, గబుక్కున దూది కప్పేశాడు.

రెండో వీధి మలుపులో డెలివరీ స్కూటరు ఒకటి వచ్చి ఆయన్ని గుద్దింది. నడిపేవాడు కుర్రాడేం కాదు, యాభైకి దగ్గరపడ్డ మనిషి. వీపున పెద్ద సంచీ, హ్యాండిలుకు ఫోను, ఫోనుకు రబ్బరుబ్యాండుతో కట్టిన ఇటుకంత బ్యాటరీ. చూపు రోడ్డు మీద ఉండాల్సిన క్షణంలో మ్యాపు మీద ఉంది. మేస్త్రి కుడిచేతి మీద పడ్డాడు. పెట్టె ఎగిరి పడి, రోడ్డు పొడవునా ఏడు నోళ్ళు తెరుచుకున్నాయి. అటుగా వస్తున్న ఒక పెద్దాయన అది చూసి వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయాడు.

డెలివరీ ఆయన మోకాళ్ళ మీద పాకుతూ, "అయ్యో సార్, అయ్యో సార్" అంటూ, పళ్ళూ దూదీ మట్టీ ఏది చేతికందితే అది రెండు చేతులా ఎత్తి పెట్టెలో పోశాడు. పోసి, మూత వేసి, అప్పుడు తన ఫోను కోసం వెతుక్కోవడం మొదలుపెట్టాడు. కాలవలో చూశాడు, కార్ల కింద చూశాడు. ఎవరో రింగిచ్చి చూద్దామంటే, కస్టమర్ల తిట్లు పడలేక రింగెప్పుడో తీసేశానన్నాడు.

"నా చెయ్యి విరిగి నేనేడుస్తుంటే నీకు ఫోను గోలేంటయ్యా?" అన్నాడు మేస్త్రి.

"అదుంటేనే సార్ నేను మనిషిని. అది లేకపోతే నేనెవరో కంపెనీకే తెలీదు."

సరిగ్గా అప్పుడే మేస్త్రి బావమరిది దిగాడు. అతను కోర్టులో టైపిస్టు. ఇరవయ్యేళ్ళుగా తీర్పులు టైపు చేస్తున్నాడు కనక, జడ్జిగారు సంతకం పెట్టడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాడని అతని నమ్మకం. "బావా, పెట్టె ముట్టుకోకు! ఇది సాక్ష్యం" అని అరిచాడు. పక్క దుకాణంలో టేపు కొని పెట్టెను ఎనిమిది చుట్లు చుట్టి, దాని మీద కాగితం అంటించి, ఇద్దరు దారినపోయేవాళ్ళ చేత సంతకాలు పెట్టించాడు. "కంపెనీవాళ్ళ కళ్ళెదుటే దీన్ని తెరవాలి. ఈలోగా సీలు ఊడిందా, పరిహారం గోవిందా. ఆరు వారాలు చెయ్యి లేకుండా ఏం తింటావో ఆలోచించుకో."

మేస్త్రికి ఆలోచించే ఓపిక లేదు. కానీ ఆరు వారాలన్న మాట మణికట్టు కన్నా గట్టిగా సలిపింది. ఆరు వారాలు సెట్లు రాకపోతే డాక్టరు ఇంకో మేస్త్రిని చూసుకుంటాడు, చూసుకున్నవాడు మళ్ళీ వదలడు.

"పళ్ళు ఇంత బరువుంటాయా బావా?" అన్నాడు బావమరిది, పెట్టె చంకనెత్తుకుని.

ఆసుపత్రిలో కట్టు కట్టే గదిలో నాలుగు మంచాలున్నాయి. మేస్త్రి పక్క మంచం మీద ఒక ముసలాయన ముక్కుకు గొట్టంతో కళ్ళు మూసుకుని ఉన్నాడు. నర్సు తడి ప్లాస్టరు చుడుతోంది. గది నిశ్శబ్దంగా ఉంది. బల్ల మీద పెట్టెలోంచి, దూది అడ్డుపెట్టుకుని మాట్లాడినట్టు, ఒక ఆడగొంతు నెమ్మదిగా పలికింది.

"మీరు గమ్యస్థానానికి చేరుకున్నారు."

ముసలాయన కళ్ళు తెరిచాడు. "అప్పుడేనా?" అన్నాడు. నర్సు చేతిలోంచి ప్లాస్టరు చుట్ట జారి గదంతా దొర్లింది. బావమరిది పెట్టె వైపు చూశాడు, మేస్త్రి బావమరిది వైపు చూశాడు, ఆ తర్వాత కట్టు పూర్తయ్యేదాకా ఎవరూ ఎవరి వైపూ చూడలేదు.

పోలీస్ స్టేషనులో పెట్టె నోరు విప్పలేదు. ఇంటికొచ్చాక, సాయంత్రం దీపాలు పెట్టే వేళ, పని గదిలో ఒంటరిగా కూర్చున్న మేస్త్రికి మళ్ళీ వినిపించింది. గోడ పొడవునా అరల్లో పాత అచ్చులు, వందల దవడలు, తెల్లగా వరసగా ఉన్నాయి. వాటన్నిటి మధ్యనుంచీ ఆ గొంతు అంది:

"కుడివైపు తిరగండి."

మేస్త్రి తిరిగాడు. ఎందుకు తిరిగాడో ఆయనకే తెలియదు. కాళ్ళు వాటంతటవే జతపడ్డాయి, వీపు నిటారైంది.

"ఎడమవైపు తిరగండి."

తిరిగాడు. ఎదురుగా భార్య, చేతిలో గ్లాసుతో, కొయ్యబారి నిలబడి ఉంది.

"ఆవిడే" అన్నాడు మేస్త్రి. "టీచరమ్మే. నలభై ఏళ్ళ కిందట విన్న గొంతే."

"ఆవిడ మిమ్మల్ని 'అండి' అనేదా?"

"బతికుండగా ఒక్కనాడూ అన్లేదు. 'తిరగరా దున్నా' అనేది."

"మరి పోయాక మర్యాద వచ్చిందేమో" అంది భార్య. మాటైతే ధైర్యంగానే వచ్చింది గాని గ్లాసులో నీళ్ళు ఒలికిపోతున్నాయి. అంతలో పెట్టె మళ్ళీ పలికింది.

"మీకోసం ఎదురుచూస్తున్నారు. ఇప్పటికే ఆలస్యమైంది."

మేస్త్రి పెట్టె ముందుకొచ్చాడు. తెలియని మాట వింటే భయమే, తెలిసిన నిజం వింటే అంతకంటే భయం. ఆలస్యమైన మాట నిజం. ఆరు వారాలు ఆవిడ మెత్తటి రొట్టె పాలల్లో ముంచుకుని తిందనీ నిజం. "తెరిచి ఆ సెట్టొక్కటీ వాళ్ళింట్లో ఇచ్చొచ్చేస్తాను" అని టేపు మీద చెయ్యి వేశాడు.

"ఒక్క రాత్రి ఓపిక పట్టండీ. రేపు పరిహారం రాకపోతే నేను ఆవిడకంటే గట్టిగా మాట్లాడాల్సొస్తుంది" అంది భార్య. ఎప్పటిలా పట్టెమంచం కింద కాకుండా, వీధి తలుపు పక్కన పెట్టె పెట్టి, దాని మీద రెండు దుప్పట్లు కప్పింది.

మర్నాడు పొద్దున్నే బావా బావమరుదులు కంపెనీ ఆఫీసుకు బయల్దేరారు. పెట్టె బావమరిది తల మీద. వీధి చివర రెండు దారులు చీలతాయి. ఆఫీసుకు ఎడమకు పోవాలి.

"కుడివైపు తిరగండి" అంది పెట్టె.

మేస్త్రి కుడివైపు తిరిగాడు.

"బావా! ఆఫీసిటు!"

"ఆవిడ అటంటోంది."

"పళ్ళ మాట వింటావా, నా మాట వింటావా?"

"నీ మాట విని ఇరవయ్యేళ్ళుగా ఏం బావుకున్నాను?" అంటూ మేస్త్రి నడిచాడు. పెట్టె వదిలేసి పారిపోదామని బావమరిదికి అనిపించింది గాని, సాక్ష్యాన్ని నడివీధిలో వదలడానికి అతనికి చట్టం అడ్డొచ్చింది. నూరు అడుగులకు ఎడమ, తర్వాత కుడి, ఒకచోట "వెనక్కి తిరగండి". అక్కడ మేస్త్రి మడమ మీద గిర్రున తిరిగిన తీరు చూస్తే టీచరమ్మ సంతోషించేది. పొద్దుటి మంచులో వీధులు ఖాళీగా ఉన్నాయి. ఒక్కో మలుపూ దాటుతుంటే మేస్త్రికి దారి గుర్తుకొస్తోంది, గుర్తుకొస్తున్నకొద్దీ చేతికట్టు లోపల చెమట పడుతోంది. చివరకు ఒక ఆకుపచ్చ తలుపు ముందు పెట్టె అంది:

"మీరు గమ్యస్థానానికి చేరుకున్నారు."

అది టీచరమ్మ ఇల్లు.

తలుపు దానంతటదే తెరుచుకోలేదు గాని, తట్టకముందే తెరుచుకుంది. గుమ్మంలో టీచరమ్మ మేనల్లుడు, వెనకాల ఖాళీ చేస్తున్న ఇల్లు. "హమ్మయ్య, వచ్చారా! ఎంతసేపట్నుంచి ఎదురుచూస్తున్నానో!" అన్నాడు.

మేస్త్రి ఇంక ఆగలేకపోయాడు. ఎడంచేత్తో, పంటితో, టేపు ఎనిమిది చుట్లూ పీకేశాడు. "బావా, పరిహారం!" అని బావమరిది పెట్టిన కేక ఆయన చెవికెక్కలేదు. మూత తీసి, దూదిలో చెయ్యిపెట్టి, టీచరమ్మ పేరు చీటీ కట్టిన సెట్టును తీసి మేనల్లుడి చేతిలో పెట్టాడు. "ఆలస్యమైంది బాబూ. ఆవిణ్ణి నన్ను క్షమించమను" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మేనల్లుడు చేతిలో పళ్ళను చూశాడు. "నేను ఆర్డరిచ్చింది రెండు రొట్టెలూ ఒక సూపూనండీ" అన్నాడు మెల్లగా.

అప్పుడు పెట్టె అడుగున, దూది కింద, వెలుగుతున్న ఫోను కనిపించింది, ఇటుకంత బ్యాటరీతో సహా. నిన్నట్నుంచీ అది వచ్చిన ఆర్డరునల్లా తనే ఒప్పుకుంటూ, తనే దారి చెబుతూ, తనే ఆలస్యానికి బాధపడుతూ ఉంది. ఈ ఆర్డరు మేనల్లుడు ఇచ్చిందే, చేతికందింది కదా అని టీచరమ్మ ఫోనులోంచి ఇచ్చాడు. మేస్త్రికి సిగ్గూ ఊరటా ఒకేసారి ముంచుకొచ్చాయి.

మేనల్లుడు మాత్రం నవ్వలేదు. సెట్టును తీసుకెళ్ళి అరలో టీచరమ్మ విజిల్ పక్కన పెట్టాడు. "చివరి రోజు కూడా అడిగింది, నా పళ్ళొచ్చాయా అని. రాలేదంటే, 'ఇస్తాడ్లే, చెయ్యి మంచిదే, ఒళ్ళే వంగదు' అంది" అన్నాడు. ఆ మాటకు మేస్త్రి మరోసారి ఏడ్చాడు, ఈసారి చప్పుడు లేకుండా.

కంపెనీ ఆఫీసు ఒక అద్దాల గది. ఫిర్యాదులు చూసే అమ్మాయి ఫోను తీసుకుని, కంప్యూటరులోకి చూసి, తల పంకించింది. మూల కుర్చీలో డెలివరీ ఆయన కూర్చుని ఉన్నాడు. తను తనేనని రుజువు చేసుకోవడానికి నిన్నట్నుంచీ తిరుగుతున్నాడట.

"నిన్న ఎనిమిదీ పన్నెండుకి మా రైడర్‌కి యాక్సిడెంటయింది సార్" అంది ఆ అమ్మాయి. "ఎనిమిదీ నలభైకి ఆసుపత్రికెళ్ళాడు, మూడు గంటలున్నాడు. తర్వాత పోలీస్ స్టేషను. ఇవాళ పొద్దున్న గంటకి రెండు కిలోమీటర్ల చొప్పున నడిచి డెలివరీకెళ్ళాడు. పాపం, అంత నొప్పితో!"

"ఆ నడిచింది నేనమ్మా!"

"మీరు మా రికార్డులో లేరు సార్."

"ఈ కట్టు చూడమ్మా!"

"చూస్తున్నాను సార్. రైడర్‌కి కుడి మణికట్టు విరిగిందని ఆసుపత్రిలో కూడా కనుక్కున్నాం. ఆ టైములో అక్కడ కట్టు కట్టించుకున్నది ఒక్కరేనట. అందుకే ఆరు వారాల పరిహారం రైడర్ ఖాతాలో పడిపోయింది. ఎముక అతికేదాకా ఆయనకి పని ఇవ్వం."

"నాకేం కాలేదమ్మా!" అని డెలివరీ ఆయన లేచి రెండు చేతులూ ఆడించి చూపించాడు.

"కదపకండి సార్. మీ ఆరోగ్యం మాకు ముఖ్యం."

బావమరిది ముందుకొచ్చి సాక్ష్యం సంగతి ఎత్తాడు. సీలేదని ఆ అమ్మాయి అడిగింది. అతను బావ పళ్ళ వైపు చూసి, వెనక్కెళ్ళి కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున మేస్త్రి కరగని మైనం ముందు కూర్చుని ఉండగా డెలివరీ ఆయన వచ్చాడు. జేబులోంచి కవరు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది మీ చేతికి రావాల్సింది సార్, నా చేతికొచ్చింది."

"డబ్బు తిని ఆరు వారాలు బతకొచ్చు. ఆ తర్వాత డాక్టరు మన మొహం చూడడయ్యా" అన్నాడు మేస్త్రి. "నాక్కావాల్సింది చెయ్యి."

"చేతులున్నాయి సార్, ఖాళీగానే. స్కూటరెక్కకముందు పదిహేనేళ్ళు బొమ్మల ఫ్యాక్టరీలో అచ్చులు పోశాను."

మేస్త్రి ఆ వేళ్ళ వంక చూశాడు. కుర్చీ జరిపాడు. ఆరు వారాలు మేస్త్రి చెబుతుంటే డెలివరీ ఆయన చేశాడు. "కొంచెం కుడికి తిప్పు, కొంచెం ఎడమకి" అంటున్నప్పుడు తన గొంతు ఎవరి గొంతులా ఉందో మేస్త్రికి తెలుస్తూనే ఉండేది. కవరును ఇద్దరూ సగం చేసుకున్నారు. మట్టి కడిగిన ఆ ఆరు సెట్లూ డాక్టరుకు చేరాయి, ఆ తర్వాత ఒక్క సెట్టు కూడా ఆలస్యం కాలేదు.

ఎముక అతికాక, రైడర్ చెయ్యి బాగైనట్టు ఎక్స్‌రే కావాలంది కంపెనీ. మేస్త్రి చేతికే ఎక్స్‌రే తీయించి పంపారు, కంపెనీ అంగీకరించింది. ఆ సాయంత్రం పని గదిలోనే డెలివరీ ఆయన తన ఖాతా తెరిచాడు. తెరవగానే ఫోను మేస్త్రికి అందించాడు. ఆకుపచ్చ తలుపు ఇంటి ఆర్డరుకు ఎవరో మార్కులు వేశారు, పళ్ళు ఇచ్చిన మూడో రోజున.

మేనల్లుణ్ణి అడిగితే తాను వేయలేదన్నాడు. ఆర్డరిచ్చిన టీచరమ్మ ఫోనుకు కనెక్షను తీయించి, పళ్ళిచ్చిన సాయంత్రమే విజిల్ పక్కన పెట్టేశానన్నాడు.

అయిదు నక్షత్రాలకు నాలుగు వెలుగుతున్నాయి, ఒకటి తగ్గించడానికి కారణం కింద రాసి ఉంది: "ఆలస్యం". అందులో అబద్ధమేమీ లేదు కనక మేస్త్రి దానిమీద ఫిర్యాదు చేయలేదు.