మడతకు రెండంగుళాలు

ఆ ఉదయం టైలరు వేసుకున్న పథకం చాలా చిన్నది. కోటు ఇస్త్రీ చేయాలి. కొత్త బండి మీద హైస్కూలుకి వెళ్ళి హెడ్మాస్టరు గారికి తొడిగి, గుండీ పెట్టి చూడాలి. సభ మొదలయ్యేలోపే కొట్టుకి తిరిగి వచ్చేయాలి. హెడ్మాస్టరుకి ఆ రోజే పదవీ విరమణ. ఉద్యోగమంతా చొక్కాతోనే గడిపేసిన మనిషి, చివరి రోజున ఒక్కసారి కోటు వేసుకోవాలని ముచ్చటపడి గుడ్డ తెచ్చిచ్చి నెల దాటింది. మంచి టైలర్లందరిలాగే టైలరు కూడా ఆఖరి గుండీ ఆ తెల్లవారుజామునే కుట్టాడు.

పథకంలో చిక్కల్లా కొత్త బండి.

ఎర్రటి స్పోర్ట్స్ బైకు. కొనకముందు టైలరు మెడలో టేపుతోనే షోరూముకి వెళ్ళి సీటు ఎత్తు కొలిచాడు. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి తన కాలు కొలుచుకున్నాడు. రెండూ సరిపోయాయి. "ఒకసారి ఎక్కి కూర్చుని చూసుకోండి సార్" అని షోరూము వాళ్ళు బతిమాలారు. కొలత తీశాక కూడా తొడిగి చూడాలనేవాడు చేతకాని టైలరని ఆయన నమ్మకం. అక్కర్లేదన్నాడు. తీరా బండి ఇంటికొచ్చాక ఎక్కితే, బొటనవేళ్ళు నేలకు నమస్కారం పెట్టగలిగాయి గానీ పాదాలు దాన్ని పలకరించలేదు.

తప్పెక్కడ జరిగిందో తెలియడానికి ఆయనకు ఒక పూట పట్టింది. ప్యాంటుకి కొలత తీసినప్పుడల్లా కింద మడతకని రెండంగుళాలు కలపడం ఆయన చేతికి దానంతటదే వచ్చేసే అలవాటు. తన కాలికీ కలిపేసుకున్నాడు. గుడ్డయితే మిగిలినదాన్ని లోపలికి మడిచి కుట్టేయవచ్చు. తక్కువైన కాలిని ఏ కుట్టూ పొడిగించదు. పోనీ సీటు విప్పి లోపలి స్పాంజి కోసేద్దామా అనుకున్నాడు. కంపెనీవాళ్ళు వేసిన ఆ కుట్టు ఎంత ముద్దుగా ఉందంటే, విప్పడానికి చెయ్యి రాలేదు.

ఈ సంగతి బయటికి చెప్పుకునేది కాదు. సొంత కాలు కొలుచుకోలేని టైలరుకి ప్యాంటు గుడ్డ ఎవరిస్తారు? ఇంట్లో చెప్పడం ఇంకా ప్రమాదం. బండి గుమ్మంలోకి వచ్చిన రోజునే ఇంటావిడ కాజాలు కుట్టే సూది పక్కన పెట్టి తీర్పు చెప్పేసింది.

"అడక్కుండా కొన్నారు, సరే. ముచ్చటపడ్డారు, సరే. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అది కింద పడిందా, మా తమ్ముడింటికి వెళ్ళిపోతుంది. మీరు మళ్ళీ పాత స్కూటరెక్కుతారు."

ఆ తమ్ముడిని అందరూ నిచ్చెన అంటారు. బల్బు మార్చాలన్నా బూజు దులపాలన్నా వీధి వీధంతా అతన్నే పిలుస్తుంది. బావగారి పాత స్కూటరు అతని చేతికొచ్చింది గానీ, మనసు మాత్రం ఎర్ర బండి మీదే ఉంది. రోజూ పొద్దున్నే వచ్చి దాని చుట్టూ ఓసారి తిరిగి వెళ్ళేవాడు.

"బండి క్షేమమేనా బావా?"

"నేను క్షేమమేనా అని అడగవేంరా?"

"నువ్వు పడితే లేస్తావు బావా. అది పడితే మా ఇంట్లో లేస్తుంది."

అప్పటినుంచి టైలరు లోకాన్ని కొత్తగా చూడడం మొదలుపెట్టాడు. బండి కదిలాక ఏ ఇబ్బందీ లేదు. పొట్ట ట్యాంకుకి ఆనించి వంగి కూర్చుంటే మిషను ముందు కూర్చున్నట్టే హాయిగా ఉండేది. చిక్కంతా ఆగడంలోనే. ఆగాలంటే పక్కన కాలు ఆనించడానికి కాస్త ఎత్తు కావాలి. బ్యాంకు ముందు ఫుట్‌పాత్ గట్టు మంచిది. మందుల షాపు మెట్టు ఇంకా మంచిది. అవి కట్టించిన వాళ్ళెవరో ఆయనకు తెలియదు గానీ, ఆగినప్పుడల్లా వాళ్ళ పిల్లాపాపలు చల్లగా ఉండాలని మనసులో అనుకునేవాడు. హైస్కూలు గేటు పక్కన వాచ్‌మన్ కూర్చునే సిమెంటు దిమ్మ ఉంది. దాన్ని ముందురోజే చూసి పెట్టుకున్నాడు.

బయల్దేరబోతుంటే ఇంటావిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ వచ్చింది. "నన్నూ ఎక్కించుకోండి. సభ చూసొస్తాను."

"ఎక్కడ కూర్చుంటావు? ఆ వెనకున్నది సీటు కాదు, అటక."

"అటకెక్కడం నాకు కొత్తా?"

"ఇంకోసారి చూద్దాంలే" అని ఆయన కోటు సంచీ వీపుకి కట్టుకుని, వీధరుగు మీది కాలు తీసి, ఆవిడ ఇంకో మాట అనేలోపు మాయమయ్యాడు. ఆవిడ ఆ అరుగు వైపు ఒకసారి, బండి వెళ్ళిన వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్ళింది.

హైస్కూలు గేటు దగ్గరికొచ్చేసరికి సిమెంటు దిమ్మకు ఆనుకుని నల్లటి కారొకటి నిలబడి ఉంది. ముఖ్య అతిథిది. దిమ్మ కనబడుతోంది, అందదు. మరో గట్టు దగ్గర్లో లేదు. టైలరు ఆగకుండా ముందుకు పోనిచ్చి, స్కూలు ప్రహరీ చుట్టూ ఉన్న రోడ్డు మీదుగా తిరిగి మళ్ళీ గేటు ముందుకు వచ్చాడు. కారు అక్కడే ఉంది.

"ఏం టైలరు గారూ, ఆగరేం? లోపల పెద్దాయన ఎదురుచూస్తున్నారు!" అని వాచ్‌మన్ కేకేశాడు.

"ఆగలేనయ్యా!" అని అరిచి టైలరు మలుపు తిరిగిపోయాడు.

వాచ్‌మన్ ఆ మాటని కాసేపు ఆలోచించాడు. కొత్త బండి, ఎక్కిన మనిషి ఆగలేనంటున్నాడు. ఇందులో రెండో అర్థం ఏముంటుంది? పరుగున లోపలికెళ్ళి డ్రిల్లు మాస్టారితో చెప్పాడు, "బ్రేకులు పోయాయండీ! మన టైలరు గారికి!"

మూడో చుట్టులో టైలరు వచ్చేసరికి డ్రిల్లు మాస్టారు రోడ్డు మధ్య నిలబడి విజిలు ఊదుతున్నాడు. ఇంకో చుట్టు తిరిగేలోపు చౌరస్తా దగ్గరి పోలీసు కూడా వచ్చి, వీధిలో ఉన్న ఆటోలనీ బళ్ళనీ అన్నిటినీ పంపించేశాడు. ఏ ఆగిన ఆటోనైనా పట్టుకుని నిలబడదామని ఆశపడుతున్న టైలరుకి ఆ వీధిలో చెయ్యి ఆనించడానికి ఒక్క బండి లేకుండా పోయింది. నల్ల కారు ఒక్కటే మిగిలింది. ముఖ్య అతిథి కారు జరపమనే ధైర్యం పోలీసుకీ లేదు, దానికి చెయ్యి ఆనించే ధైర్యం టైలరుకీ లేదు.

పిల్లలు గోడెక్కారు. టైలరు వచ్చినప్పుడల్లా చప్పట్లు.

"చూడండి, మలుపు దగ్గర ఎంత నెమ్మదిగా తిప్పాడో!" అన్నాడు డ్రిల్లు మాస్టారు. "బ్రేకు లేకుండా! అదీ నిబ్బరమంటే!"

"పెట్రోలు అయిపోతే అదే ఆగుతుందిలెండి" అన్నాడు పోలీసు.

"నిన్ననే నిండా పోయించాను!" అంటూ టైలరు దాటిపోయాడు.

ఇక లాభం లేదని డ్రిల్లు మాస్టారు హైజంపు పరుపు మోయించుకొచ్చి రోడ్డు పక్కన పరిపించాడు. "టైలరు గారూ, దీని మీద పడిపోండి! దెబ్బ తగలదు!"

"చస్తే పడను!"

ఆ మాటకి జనం కదిలిపోయారు. ప్రాణం పోయినా బండిని వదలనంటున్నాడు, ఏం మనిషి! వాచ్‌మన్ కళ్ళు తుడుచుకుని టైలరు ఇంటికి ఫోన్ చేశాడు.

నిజం చెప్పడానికి టైలరుకి ఒక్క మాట చాలు. కానీ గోడ మీది పిల్లల్లో సగం మంది యూనిఫారాలు ఆయన కుట్టినవే. కాలు అందట్లేదని వాళ్ళ ముందు ఎలా అరుస్తాడు? బ్రేకులు పోవడంలో ఎంతో కొంత గౌరవం ఉంది. తిరుగుతూనే ఉన్నాడు.

పాత స్కూటరు మీద తమ్ముడి వెనక ఇంటావిడ వచ్చి దిగింది. నిచ్చెన పరుపునీ, జనాన్నీ, వస్తున్న ఎర్ర బండినీ ఆప్యాయంగా చూశాడు. "అక్కా, బావకేం కాదులే. బండి మాత్రం..."

"నోర్ముయ్" అంది ఆవిడ. మలుపు దగ్గర బండి వెనక ఎర్రలైటు వెలిగి ఆరడం చూసింది. బ్రేకు నొక్కితేనే వెలిగే లైటది. ఆవిడ ఊపిరి నింపాదిగా వదిలి, చెంగు నడుముకి దోపుకుంది.

సరిగ్గా అప్పుడే హెడ్మాస్టరు చొక్కాతోనే గేటు బయటికొచ్చాడు. ఆయనా పొట్టివాడే. దాటిపోతున్న టైలరు ముఖాన్ని అందరూ చూస్తుంటే, హెడ్మాస్టరు మాత్రం టైలరు బూట్లని చూశాడు. ఆ బూటు కొన కిందికి చాచుకుని దేనికోసమో వెతుక్కుంటోంది. ఆ వెతుకులాట ఆయనకు చిన్నప్పటినుంచీ తెలుసు. బస్సు సీట్లలో, సభల్లో వేసే పెద్ద కుర్చీల్లో ఆయన బూట్లూ అలాగే వెతుక్కున్నాయి. లోపలికి వెళ్ళి, వేదిక మీది బల్ల వెనక నుంచి చెక్క పీట ఒకటి రెండు చేతులా మోసుకొచ్చాడు. ఇన్నేళ్ళూ ఆయన ప్రసంగాలన్నీ ఆ పీట మీద నిలబడి ఇచ్చినవే. అది అక్కడుందని ఎవరికీ తెలియదని ఆయన అనుకునేవాడు. పిల్లలందరికీ తెలుసు. ఇన్ని తరగతులు మారినా ఒక్కరూ అనలేదు.

పీటని రోడ్డు వారగా, పరుపు పక్కనే పెట్టి ఆయన జరిగాడు. ఎర్ర బండి నెమ్మదిగా వచ్చి, దాని పక్కన మెత్తగా ఆగింది. టైలరు పాదం పీట మీద ఆనింది.

"బ్రేకు పడింది!" అని వాచ్‌మన్ గావుకేక పెట్టాడు. చప్పట్లతో వీధి మారుమోగింది.

ఆ గోలలో హెడ్మాస్టరు టైలరు చెవి దగ్గరికి వంగాడు. "ఎంత తక్కువైంది?"

"రెండంగుళాలండీ."

"నాకు నాలుగు" అన్నాడు ఆయన.

ఇంటావిడ భర్త వీపున ఉన్న సంచీ విప్పి కోటు దులిపి ఇచ్చింది. టైలరు బండి దిగకుండానే హెడ్మాస్టరుకి తొడిగి, గుండీ పెట్టి, భుజాలు సవరించాడు. గీత గీసినట్టు కూర్చుంది. ఇన్ని చుట్లు తిప్పినా ఒక్క ముడత లేదు. వంగిన వీపు మీద అది ఇస్త్రీ బల్ల మీద ఉన్నట్టే ఉండిపోయింది మరి. హెడ్మాస్టరు కారు అద్దంలో తనను తాను చూసుకుని లోపలికి నడిచాడు.

అంతా సుఖాంతమే అయ్యేది. వాచ్‌మన్ మాత్రం విధి మరిచే మనిషి కాదు. పెద్దాయన ప్రసంగానికి పీట కావాలి కదా అని, వంగి, టైలరు కాలి కింది నుంచి పీట లాగేశాడు.

బండి ఒకవైపు ఒరిగింది. టైలరు దాన్ని పట్టుకున్నాడు, అది టైలరుని పట్టుకుంది. ఇద్దరూ కలిసి తొందరేమీ లేకుండా హైజంపు పరుపు మీద పడుకున్నారు.

"చెప్పానా, దెబ్బ తగలదని!" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

నిచ్చెన గొంతు సవరించుకుని స్కూటరు తాళం చెవి బావ ముందుకు చాపాడు. "అక్కా, పడింది."

"పరుపు మీద పడితే పడినట్టా?" అన్నాడు టైలరు, పడుకునే.

ఇంటావిడ ఇద్దరి వంకా చూసింది. ఆవిడ మాట అంటే మాటే. "పడింది" అంది.

బండికి గీత కూడా పడలేదు. నిచ్చెన దాన్ని ఒంటిచేత్తో లేపి, కాలు అవలీలగా అటు వేసి కూర్చున్నాడు. రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనాయి. అది చూసి టైలరు ముఖం తిప్పుకున్నాడు. నిచ్చెన స్టార్టు చేసి, కాళ్ళు పైకి మడిచాడు. మోకాళ్ళు మోచేతులకి తగిలాయి. ముందుకు వంగాడు. గడ్డం మోకాలికి తగిలింది. స్కూలు చుట్టూ ఒక్క చుట్టు తిరిగొచ్చి దిగాడు గానీ, దిగినవాడు నిలబడలేదు. మడతపెట్టిన నిచ్చెనలాగే ఉండిపోయాడు.

"దీన్ని ఎవరు కుట్టారో గానీ బావా," అన్నాడు నడుము పట్టుకుని, నేలను చూస్తూనే. "నా కొలత మాత్రం కాదు." స్కూటరు తాళం చెవి తిరిగి తన జేబులో వేసుకున్నాడు.

సభ అయ్యాక గేటు పక్కన దిమ్మ ఖాళీ అయింది. టైలరు దాని మీద కాలు పెట్టి బండెక్కాడు. ఇంటావిడ అడగకుండానే దిమ్మ మీంచి అటకెక్కింది. ఆవిడ కూర్చోగానే బండి మెత్తగా దిగి సర్దుకుంది. టైలరు అవతలి కాలు అలవాటుగా కొన చాచింది. అక్కడ నేల ముందే వచ్చి ఉంది. వేళ్ళే కాదు, ముందుపాదమంతా ఆనింది.

"ఏం, అందిందా?" అంది ఆవిడ వెనకనుంచి.

"నీకెలా తెలుసు?"

"ఇన్నేళ్ళుగా మీ ప్యాంట్ల కింద మడత కుడుతున్నది నేనేగా. మీ కాలెంతో నాకు తెలీదా? బండొచ్చిన రోజే తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"నన్ను ఎక్కించుకుంటే చెబుదామనుకున్నా. మీరు ఎక్కించుకుంటే కదా!"

టైలరు బండి పోనిచ్చాడు. దారిలో అవసరం లేకపోయినా రెండు మూడు చోట్ల, గట్టు లేని చోటే చూసి మరీ ఆగాడు. ఆవిడ బరువెంతని ఆయన ఆ రోజూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. రెండంగుళాలకి సరిపోతుందని మాత్రం టేపుతో కొలిచి చూసుకున్నాడు, మడత కలపకుండా.