పన్ను వాళ్ళొచ్చారు!

ఆ ఉదయం కొత్త ఇన్‌స్పెక్టరు పెందలాడే స్నానం కానిచ్చి, నిమ్మళంగా తయారవుదామనుకున్నాడు. పన్నుల శాఖలో చేరి మూడు నెలలైంది. ఇవాళే మొదటి సోదా. పెద్దాఫీసరు స్వయంగా జీపులో వచ్చి ఎక్కించుకుంటానన్నారు. తలుపు కొట్టి మొదటి మాట అనవలసింది తనే. అందుకని బాత్రూములో కుళాయి తిప్పి, అద్దం ముందు సాధన మొదలుపెట్టాడు.

"తలుపు తీయండి! పన్నుల శాఖ! ఎవరూ కదలొద్దు!"

బాత్రూము కిటికీ గొట్టాల సందులోకి తెరుచుకుంటుందనీ, ఆ సందు నాలుగు అంతస్తులకూ ఉమ్మడి అనీ అతనికి తట్టలేదు.

పై అంతస్తులో పళ్ళు తోముకుంటున్న పళ్ళ డాక్టరు బిగుసుకుపోయాడు. మరునిమిషంలో సూట్‌కేసుతో కిందికి దిగి ఇన్‌స్పెక్టరు ఇంటి తలుపు తట్టాడు. వంటింట్లో మిక్సీని అలాగే తిరగనిచ్చి ఇన్‌స్పెక్టరు తల్లి వచ్చి తలుపు తీసింది.

"అక్కయ్యగారూ, పన్ను వాళ్ళొచ్చారు!"

"ఇంత పొద్దున్నేనా? పాపం, నొప్పి ఎక్కువై ఉంటుంది. వెళ్ళి చూడండి."

"ఆ పన్ను కాదండీ! మీవాడి పన్ను! ఈ పెట్టె కాస్త మీ ఇంట్లో ఉంచండి. పన్నులాయన ఇంట్లో ఎవరు వెతుకుతారు?"

ఆవిడ మొహమాటపడి కాదనలేకపోయింది. ఈలోగా బాత్రూములో గొంతు ఇంకో మెట్టు ఎక్కింది. మిక్సీ హోరులో అది హాల్లోకి రాలేదు కానీ, పై ఇళ్ళన్నిటికీ శుభ్రంగా చేరింది. సంచులొచ్చాయి, కుక్కర్ పెట్టెలొచ్చాయి. ఒకావిడ దిండు తెచ్చిచ్చి, దాని మీద ఎవరినీ తల పెట్టనివ్వొద్దని ఒట్టు వేయించుకుంది.

ఇన్‌స్పెక్టరు తువ్వాలుతో బయటికొచ్చేసరికి హాల్లో కాలు పెట్టే చోటు లేదు. గుమ్మంలో పెద్దాఫీసరు నిలబడి ఉన్నారు.

"ఏమయ్యా, మూడు నెలల ఉద్యోగానికే ఇంత వెనకేశావా?"

"నావి కావు సార్! అమ్మా, ఎవరివే ఇవి?"

"పై ఇళ్ళవాళ్ళవిరా."

పెద్దాఫీసరు అందరినీ పిలిపించారు. మెట్ల మీద నిలబడ్డవాళ్ళంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మావి కావండీ."

"ఆ సూట్‌కేసుని ఈ జన్మలో చూడలేదు," అన్నాడు డాక్టరు.

ఇన్‌స్పెక్టరుకు కళ్ళు చెమర్చాయి. ఉద్యోగం గుమ్మం దాటి వెళ్ళిపోతున్నట్టే ఉంది. తల్లి కొడుకు మొహం చూసి, చేతులు తుడుచుకుంది.

"ఎవరివీ కాకపోతే పీడా పోయింది. ఒరేయ్, సూట్‌కేసు జీపులో పెట్టు. ఆ దిండు చెత్తబండిలో పారెయ్."

"అయ్యయ్యో, నా దిండు!" అంటూ ఒక కేక.

దాంతో డాక్టరుకు సూట్‌కేసు గుర్తొచ్చింది. ఆ తర్వాత అందరికీ అన్నీ గుర్తొచ్చాయి. పెద్దాఫీసరు ఆ రోజు సోదా రద్దు చేసి, అక్కడే కుర్చీ వేసుకున్నారు. "రాసుకో," అన్నారు. ఇన్‌స్పెక్టరు కట్టుకున్న తువ్వాలుతోనే కూర్చుని, కాగితాల మీద వివరాలు రాస్తూ, సంతకాలు తీసుకుంటూ పోయాడు. వరస చివర తల్లి నిలబడి ఉంది.

"నువ్వెందుకమ్మా ఇక్కడ?"

"ఆ మూలనున్న చిన్న సంచీ నాదేరా," అంది ఆవిడ గొంతు తగ్గించి. "సందట్లో కలిసిపోతుందిలే అనుకున్నా."

కొడుకు పెద్దాఫీసరు వంక ఒకసారి చూసి, కొత్త కాగితం తీసి, "పేరు?" అని అడిగాడు.