మా ఇంట్లో ఓపికయ్య

పరాయి మగాడి మీద అసూయపడ్డానంటే మీరు అర్థం చేసుకుంటారు. నేను పడింది మా ఆవిడ ఫోన్లో ఉన్న యాప్ మీద.

మా ఆవిడ దర్జీ. ఆవిడ చేతిలో కత్తెర వెన్నలో దిగినట్టు నడిచేది. అలాంటిది ఆ మధ్య పొద్దున్నే వేళ్ళు వాచి, బిగుసుకుపోయి, గంట దాటితేగానీ దారికొచ్చేవి కావు. కీళ్ళ డాక్టరు దగ్గర నెల వరకూ ఖాళీ లేదన్నారు. ఈలోగా, బట్టలు కుట్టించుకునే టీచరమ్మ ఆ యాప్ పెట్టించింది. అది రోజూ బాధలు అడుగుతుంది, మనం చెప్పుకోవాలి. మా ఆవిడ దానికి ‘ఓపికయ్య’ అని పేరు కూడా పెట్టేసింది.

“ఓపికయ్య ఇవాళ ఏమడిగాడో తెలుసా? నొప్పి రెండు చేతులకీనా, ఒకదానికేనా అని!”

“పొద్దున నేనూ అడిగాగా?”

“మీరు అడిగింది కాఫీ ఎంతవరకూ వచ్చిందని.”

నాలుగు రోజులపాటు ఓపికయ్య ఇలా, ఓపికయ్య అలా. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ఓపికయ్య తెలివితక్కువవాడని నిరూపిస్తేగానీ నా సంసారం నిలబడదనుకున్నాను.

మంగళవారం ఆవిడ కుట్టిన బట్టలు ఇచ్చొస్తానని బయల్దేరింది. ఫోన్ మిషను మీదే ఉంది, తాళం కూడా లేదు. తప్పుడు జవాబులిస్తే వాడు పిచ్చి సలహా ఇస్తాడు, ఆవిడ ఛీ కొడుతుంది. అదీ నా పథకం.

‘ఏ కీలు నొప్పి?’ అని అడిగాడు.

ఆలోచించాను. ఆవిడ వేళ్ళలో ఏది ముందు వాచిందో నాకు తెలీదు. అబద్ధమాడాలన్నా కాస్త నిజం తెలిసుండాలి కదా! చేసేదిలేక నాకు తెలిసిందే కొట్టాను: కుడికాలి బొటనవేలు. దుప్పటి తగిలినా ప్రాణం పోతోంది. నిలబడి గడ్డం గీసుకోలేకపోతున్నాను.

‘మీకు చాలా కష్టంగా ఉన్నట్టుంది’ అన్నాడు ఓపికయ్య.

నిజం చెప్పొద్దూ, నా కళ్ళు చెమర్చాయి. ఇరవై రెండు ప్రశ్నలకి జవాబు చెప్పాక వెంటనే డాక్టరుని కలవమన్నాడు. గడియారాలు బాగుచేసే చెయ్యి నాది. ఫోన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా ఉన్నచోటే పెట్టేశాను.

చివరికి డాక్టరుగారి దగ్గర మా వంతు వచ్చే రోజు వచ్చింది. బయట బెంచీ మీద రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన మా ఆవిడ ఫోన్ చూసి నిట్టూర్చాడు.

“నాకూ ఉందమ్మా అది. ఐదు జబ్బుల పేర్లు చెప్పింది. నాకున్నది ఒకటే. మిగతా నాలుగిటికీ ఊరికే హడలి చచ్చాను.”

“నన్నూ భయపెట్టిందండీ. కానీ నా మాట మధ్యలో అడ్డురాకుండా విన్నది అదొక్కటే.”

నేను గోడమీద కేలండరు చూస్తూ కూర్చున్నాను.

లోపల డాక్టరమ్మ మా ఆవిడ వేళ్ళ కణుపులు ఒక్కొక్కటే నొక్కి చూసింది. “కీళ్ళవాతమే అనిపిస్తోంది. పరీక్షలు చేయిద్దాం. తొందరగా వచ్చారు, మందులకి లొంగుతుంది. కత్తెర వదలక్కర్లేదు” అంది. అప్పుడుగానీ నాకు ఊపిరి ఆడలేదు.

తర్వాత డాక్టరమ్మ మా ఆవిడ ఫోన్ అందుకుంది. “రోజూ భలే వివరంగా రాశారే! కానీ ఈ మంగళవారం ఏమిటమ్మా? గడ్డం గీసుకోలేకపోతున్నారా?”

నేను చటుక్కున లేచాను. “మా షాపు తెరవాలండీ...”

“కూర్చోండి” అంది మా ఆవిడ. “అది మావారిదండీ. డాక్టరు దగ్గరికి రమ్మంటే షాపు షాపు అని తప్పించుకుంటారు. అందుకే ఓపికయ్యని నాలుగు రోజులు ఆకాశానికెత్తి, ఫోన్ మిషను మీద వదిలి వెళ్ళాను. ఈయన పేరునా చీటీ రాయించాను.”

“బూటు విప్పండి” అంది డాక్టరమ్మ. “ఎన్నాళ్ళ నుంచి?”

“ఓ వారం...”

“పదకొండు నెలలు” అంది మా ఆవిడ. “మొదట మెట్లు దిగేటప్పుడు. తర్వాత మేజోడు వేసుకునేటప్పుడు. ఈ మధ్య అడుగు వేసే ముందు గోడ పట్టుకుంటున్నారు. నేను చూస్తే వదిలేస్తారు.”

డాక్టరమ్మ గబగబా అన్నీ రాసుకుంది. నేను నా మేజోడు చేత్తో పట్టుకుని నేల చూశాను.

బయటికొచ్చి మెట్లు దిగుతుంటే మా ఆవిడ భుజం ఆసరా ఇచ్చింది. నాలుగు మెట్లు దిగి ఆగింది.

“ఇంకేమైనా దాచారా?”

“ఎడమ మోకాలు” అన్నాను.